పనిమనుషుల ఇంగ్లీషు

ధవళేశ్వరం,
జూన్ 12

ప్రియమైన దేవకుమారికి,

ఆశీస్సులు. ఫోను చేద్దామనుకుని మానేశాను. చెవి మిషను పెట్టుకుంటే ఫోను కీచుమంటుంది, తీసేస్తే అవతలివాళ్ళ మాట వినబడదు. అందుకని రాస్తున్నాను. నువ్వూ రాతలోనే జవాబివ్వు.

ఎం.ఏ. రెండో ఏడాదిలో నా దగ్గర ఒక వ్యాసం రాశావు, గుర్తుందా? పాత ఇంగ్లీషు నవలల్లో పనిమనుషులు ఎలా మాట్లాడతారు, రచయితలు వాళ్ళ నోట ఏ భాష పలికించారు అన్న వ్యాసం. నా సర్వీసులో ఎన్నో వ్యాసాలు దిద్దాను. గుర్తున్నవి చాలా తక్కువ, అందులో అదొకటి. దాన్నే పెంచి పిహెచ్.డి. చేస్తానన్నావు. చేశావా? రిజిస్టరైనా అయ్యావా?

ఇంకో సంగతి. మీ కాలేజీలో మణిశంకర్ అనే ఆయన ఉన్నాడట. ఎలాంటివాడు? నీకు తెలిసినంత రాయి. ఎందుకో ఇప్పుడు అడగకు.

మీ ఆయన జీవరాజుని అడిగానని చెప్పు.

హైమవతి


జంగారెడ్డిగూడెం,
జూన్ 21

గౌరవనీయులైన హైమవతి మేడమ్ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం కాలేజీకి వచ్చింది. ఇక్కడ ఉత్తరాలు ఆఫీసులో విప్పి చూశాకే మా చేతికిస్తారు. ఈసారి అటెండరు పెద్దింట్లమ్మ నేరుగా తెచ్చి ఇచ్చింది కాబట్టి సరిపోయింది. ఇక మీదట ఇంటి అడ్రసుకి రాయండి.

మీరు తెలుగులో రాయడం మంచిదైంది. ఇంగ్లీషులో సొంతానికి ఒక్క వాక్యం రాసి చాలా కాలమైంది.

నేను కులాసాగానే ఉన్నాను. బి.టెక్. మొదటి సంవత్సరం పిల్లలకి కమ్యూనికేషన్ స్కిల్స్ చెబుతున్నాను. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, అవీ. సాహిత్యం చెప్పే తరగతి ఈ కాలేజీలో లేదు. మిగతా టైములో కాలేజీ వెబ్‌సైటూ, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులూ, కాలేజీ నడిపే సెక్రటరీ గారి ప్రసంగాలూ నావే. వాళ్ళమ్మాయి పెళ్ళి కార్డు నేనే రాశాను. వాళ్ళమ్మగారు పోయినప్పుడు పేపరుకి సంతాపమూ నేనే రాశాను. ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. ఎం.ఏ. ఇంగ్లీషు ఇందుకైనా పనికొచ్చింది.

మణిశంకర్ గారు సెక్రటరీ గారి అల్లుడు. వైస్ ప్రిన్సిపల్. దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషే చేశారు. మర్యాదస్తులు. అంతకుమించి నాకు తెలియదు.

పిహెచ్.డి. రిజిస్టరు కాలేదు. వీలుపడలేదు.

మీ విద్యార్థిని,
దేవకుమారి


ధవళేశ్వరం,
జూలై 3

దేవకుమారికి,

అబద్ధం రాయడం నీకు చేతకాదు. మర్యాదస్తులు, అంతకుమించి తెలియదు అని రాశావు. ఆ రెండు ముక్కలు చదవగానే నాకు అంతా తెలిసిపోయింది.

పరీక్షకులు ఈ సంగతి బయటికి చెప్పకూడదు. నియమం ఒప్పుకోదు. అయినా చెబుతున్నాను. యూనివర్సిటీ నుంచి నాకు ఒక థీసిస్ వచ్చింది. పేరు మణిశంకర్. విషయం, ఇంగ్లీషు నవలల్లో పనిమనుషుల మాట.

మొదటి అధ్యాయం చదువుతుంటే అనుమానం వచ్చింది. మూడో అధ్యాయానికి వచ్చేసరికి అనుమానం లేదు. ఇంటావిడా, పనిమనిషీ ఒక మాటని అచ్చం ఒకేలా పలుకుతారు. కానీ పనిమనిషి పలికినప్పుడు మాత్రం రచయిత స్పెల్లింగు తప్పు వేస్తాడు. చెవికి తేడా లేదు, కంటికే తేడా. పనిమనిషి తప్పుగా మాట్లాడలేదు, రచయిత ఆమెని తప్పుగా రాశాడు. ఈ వాదన నువ్వు మా వరండాలో కూర్చుని నాతో చేశావు. నేను ఒప్పుకోలేదు. నువ్వు టీ చల్లారిపోయేదాకా విడిచిపెట్టలేదు. అదే వాదన, అదే మొండితనం, ఇప్పుడు వేరేవాడి పేరుతో నా బల్ల మీద ఉంది.

ముందుమాటలో మామగారికి, భార్యకి, పట్టిసీమ వీరభద్రుడికి కూడా కృతజ్ఞతలు చెప్పాడు. నీ పేరు లేదు.

ఎందుకు రాసిచ్చావు? నీ తలని అద్దెకిచ్చుకోవడానికి నీకు సిగ్గనిపించలేదా? నీకు చదువు చెప్పానని నలుగురిలో చెప్పుకున్నదాన్ని. దీన్ని నేను తిప్పికొడతాను. రిపోర్టులో నీ పేరు కూడా రాస్తాను.

హైమవతి


జంగారెడ్డిగూడెం,
జూలై 11

హైమవతి గారికి,

రాయండి. అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఇన్నేళ్ళలో నేను రాసిన దేని మీదా నా పేరు లేదు. మీ రిపోర్టులోనైనా ఉంటుంది.

సిగ్గు గురించి అడిగారు కాబట్టి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. మా కాలేజీలో అందరివీ అలాగే తీసుకుంటారు. పదో తరగతి నుంచి ఎం.ఏ. దాకా నా చదువంతా సెక్రటరీ గారి బీరువాలో ఉంది. ఇంకో చోట ఉద్యోగం చూసుకోవాలంటే అవి కావాలి. అవి కావాలంటే సెక్రటరీ గారి దయ కావాలి.

పిహెచ్.డి.కి నేను సినాప్సిస్ రాశాను. రిజిస్టరు కావడానికి కాలేజీ అనుమతి అడుగుతూ దాన్ని ఆఫీసులో ఇచ్చాను. అనుమతి రాలేదు. కొన్నాళ్ళకి మణిశంకర్ గారు పిలిచారు. టేబుల్ మీద నా సినాప్సిస్ ఉంది. పైన ఆయన పేరుంది. "కొంచెం భాష చూసిపెట్టండి మేడమ్" అన్నారు. ఇది నాదండీ అన్నాను. ఆయన తడుముకోలేదు. "మీదేనండి. మీకు పర్మిషన్ కుదరలేదు కదా, మంచి టాపిక్ వేస్ట్ అయిపోతుందని" అన్నారు. ఆ తర్వాత నాకు టీ తెప్పించారు. మర్యాదస్తులని నేను ఊరికే రాయలేదు.

సర్టిఫికెట్లు ఇచ్చేయండి, వెళ్ళిపోతానన్నాను. పని అయ్యాక మాట్లాడదామన్నారు. భాష చూడటంతో మొదలై అధ్యాయాలు రాయడం దాకా వచ్చింది.

మీకు ఇంకొకటి తెలియాలి. మొదట్లో చెత్తగా రాద్దామనే కూర్చున్నాను. ఎవరు చదివినా తిప్పి ఆయన మొహాన కొట్టేలా రాద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. ఆ నవలలంటే నాకు ఇష్టం. అందులో వంటమనుషులు, గుర్రాలు కడిగేవాళ్ళు, అంట్లు తోమే పిల్లలు, వాళ్ళ గురించి ఒక్క వాక్యం కూడా నిర్లక్ష్యంగా రాయలేకపోయాను. నా కోపమంతా అదే. దొంగకి నా దగ్గరున్న మంచిదే ఇచ్చాను.

ఇక మీ సంగతి. మీ దగ్గర పిహెచ్.డి. సీటు ఖాళీ ఉందని తెలిసి ధవళేశ్వరం వచ్చాను. నెట్ పాసై రమ్మన్నారు. ఆ నెలలోనే ఉమాశ్రీని చేర్చుకున్నారు. ఉమాశ్రీ నాన్నగారు మీతోపాటు పనిచేసిన లెక్చరరు. మా నాన్న పొగాకు కాల్చే బేరన్‌లో కూలికి ఆకు కట్టేవాడు. ఆ రోజు మీ గేటు దగ్గర నన్ను సాగనంపుతూ, నా ఇంగ్లీషు చాలా బాగుంటుందని మెచ్చుకున్నారు. ఇక్కడ వీళ్ళూ అదే అంటారు. నా ఇంగ్లీషు బాగుంటుందని అందరూ అంటారు. కుర్చీ మాత్రం ఎవరూ వెయ్యరు.

దేవకుమారి


ధవళేశ్వరం,
జూలై 25

దేవకుమారీ,

నీకిక జవాబు రాయకూడదనుకున్నాను. నీ ఉత్తరం బల్ల మీదే ఉంది, అటు వెళ్ళినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది. అందుకే రాస్తున్నాను.

ఉమాశ్రీకి ఫెలోషిప్ వచ్చింది. నీకు రాలేదు. ఆ ఏడాది ఫెలోషిప్ ఉన్నవాళ్ళకే సీటివ్వాలని నియమం. వాళ్ళ నాన్న ఎవరన్నది నేను చూడలేదు. నువ్వు నమ్మవు. నమ్మకు. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ అదే చేస్తాను. నీ దగ్గర మంచిదాన్ననిపించుకోవడానికి తప్పయిపోయిందని రాయను.

కానీ సర్టిఫికెట్ల సంగతి నాకు తెలియదు. ఆ టీ సంగతీ తెలియదు. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని నీ మీద కోపంగా ఉంది. చెప్పదగ్గ మనిషిలా నేను లేనేమోనని నా మీదా ఉంది.

ఇప్పుడు చెయ్యవలసినది ఆలోచించాను. నేను థీసిస్‌ని తిప్పికొడితే దాన్ని ఇంకో పరీక్షకుడికి పంపుతారు. భాష బాగుంది, వాదన బాగుంది, అతను పాస్ చేస్తాడు. నీ పేరు రాసి ఫిర్యాదు చేస్తే రుజువేమిటంటారు. నీ శైలి నాకు తెలుసు అన్నది రుజువు కాదు.

ఒకటే దారి ఉంది. నేను మెచ్చుకుని రాస్తాను. మెచ్చుకోదగ్గదే కాబట్టి అందులో అబద్ధం లేదు. అప్పుడు వైవాకి నన్నే పిలుస్తారు. వైవా బహిరంగం. హాల్లో ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరైనా ప్రశ్న అడగవచ్చు. థీసిస్ రాయనివాడిని నిలదీయడానికి, రాసిన మనిషికంటే తగినవాళ్ళు ఎవరుంటారు?

నీ పేరు నేను ఎక్కడా రాయను. వచ్చేదీ రానిదీ నీ ఇష్టం.

హైమవతి


జంగారెడ్డిగూడెం,
ఆగస్టు 6

మేడమ్ గారికి,

నేను రాను.

నేను లేచి నోరు తెరిస్తే మర్నాడు ఉద్యోగం ఉండదు, సర్టిఫికెట్లూ ఉండవు. మీరు కారెక్కి ధవళేశ్వరం వెళ్ళి వరండాలో కూర్చుంటారు. మీ పెన్షను మీకొస్తుంది. మీ కోపానికి ఖర్చు లేదు. నా కోపానికి ఉంది. ఈ తేడా మీకు తెలియకుండా ఇన్నేళ్ళు పాఠం చెప్పారంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

జీవరాజుకి చదివి వినిపించాను. ఆయన టిక్కెట్ మిషను బ్యాగులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు.

దేవకుమారి


ధవళేశ్వరం,
నవంబరు 19

దేవకుమారీ,

నిన్న హాల్లో వెనక వరుసలో నువ్వు లేచి నిలబడటం చూశాను. రానన్నావు కాబట్టి నీకోసం చూడటం లేదు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాను.

నాకు జరిగింది ఇదీ. నీ చేతికి మైకు ఇవ్వగానే నా చెవి మిషను కూత పెట్టింది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ తర్వాత నాకేమీ వినబడలేదు. నీ పెదవులు కదలడం, ఆ మనిషి కాగితాలు తిరగెయ్యడం మాత్రం కనబడింది. ఆ తర్వాత అతనేదో అన్నాడు. అంతే, హాల్లో ఉన్న తలలన్నీ నీ వైపు తిరిగాయి. పక్కనున్న చైర్మన్ నా ముందున్న కాగితం మీద రాసి చూపించాడు, "థీసిస్ ఆవిడే రాసిందట" అని.

హాలు ఖాళీ చేయించాక లోపల పెద్ద గొడవైంది. అతని గైడు, "కంగారులో నోరు జారాడు, చిన్న సవరణలతో ఒప్పుకుందాం" అన్నాడు. అభ్యర్థి తన థీసిస్‌ని సమర్థించుకోలేకపోయాడు, డిగ్రీకి సిఫారసు చెయ్యను అని రాసి సంతకం పెట్టాను. కారణం ఇంకాస్త మెత్తగా రాయమన్నారు. నాకు చెవుడు కదా, వినబడనట్టు కూర్చున్నాను. చివరికి విచారణ వెయ్యక తప్పలేదు.

బయటికి వచ్చేసరికి నువ్వు లేవు. నువ్వేం అడిగావు, వాడేమన్నాడు, అంతా రాయి. నలుగురు నాలుగు రకాలుగా చెబుతున్నారు. నాకు నీ మాటల్లోనే కావాలి.

హైమవతి


జంగారెడ్డిగూడెం,
డిసెంబరు 28

హైమవతి మేడమ్ గారికి,

నమస్కారాలు.

ముందు ఎందుకు వచ్చానో చెప్పాలి. మీరు చెప్పారని రాలేదు. వైవా ఇంకా జరగకముందే మణిశంకర్ గారు నన్ను పిలిచి ఫ్లెక్సీకి ఇంగ్లీషు వాక్యం రాయమన్నారు. డాక్టర్ మణిశంకర్ గారికి హార్దిక అభినందనలు, సిబ్బంది. రాసిచ్చాను. స్పెల్లింగు కూడా సరిచూశాను. ఆ కాగితం ఇచ్చి బయటికి వస్తుంటే, "మేడమ్, అడగబోయే ప్రశ్నలకి జవాబులు కూడా రెడీ చేసి పెట్టండి" అన్నారు. నేను లేచి నిలబడి చెప్పవలసిన జవాబులు అవి. అవి కూడా రాసి, ఆయన చేత బట్టీ పట్టించాలి.

ఇంటికొచ్చి జీవరాజుతో వైవాకి వెళ్తున్నానన్నాను.

"ఏంటి, మాట్లాడటానికా?"

"అవును."

"అయితే నా బస్సులోనే రా" అన్నారు.  ఆ రోజు బస్సులో నాకు కిటికీ పక్క సీటు ఉంచారు.

హాల్లో జరిగింది ఇది. అరగంట ఆయన నేను తయారుచేసిన స్లయిడ్లు చదివారు. మీరు అడిగిన ప్రశ్నలకి నేను రాసిచ్చిన జవాబులు చెప్పారు. ఒకదానికి ఇంకోదాని జవాబు చెప్పారు. మీకు వినబడే ఉంటుంది. ఆ తర్వాత ప్రేక్షకుల్లో ఎవరైనా అడుగుతారా అన్నారు. నేను లేచాను. మైకు అందుకున్నాను. 

ఇంగ్లీషులో అడిగాను. పనిమనిషి పలికినదీ ఇంటావిడ పలికినదీ ఒకటే అయినా పనిమనిషి మాటకే స్పెల్లింగు తప్పు వేస్తారని మూడో అధ్యాయంలో వాదించారు, అలాంటి మాట ఒక్కటి చెప్పండి, ఒక్కటి చాలు అన్నాను. ఆయన పేజీలు తిప్పారు. ఆ పేజీ దొరకలేదు. అంతసేపూ నేను నిలబడే ఉన్నాను. పోనీ, ఆ తప్పు పనిమనిషిదా, రచయితదా, మీ అభిప్రాయం చెప్పండి అన్నాను. ఆయన చెమట తుడుచుకుని, విసుగ్గా, అప్పటిదాకా మాట్లాడిన ఇంగ్లీషు వదిలేసి తెలుగులో అన్నారు.

"ఇదంతా మీరే చూసుకుంటానన్నారు కదండీ."

మైకు ఆన్‌లో ఉంది. ఆయన అన్నది ఆయనకే ఆలస్యంగా వినబడింది.

"చూసుకున్నానండి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నేనే చూసుకున్నాను. అందుకే అడుగుతున్నాను" అన్నాను. తెలుగులోనే. అది చెప్పి బయటికి వచ్చేశాను. మీతో మాట్లాడాలనిపించలేదు. ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. ఒళ్ళంతా కాలిపోతోంది. గెలిచినట్టు అనిపిస్తుందనుకున్నాను మేడమ్. అనిపించలేదు.

మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. లోపలికి రానివ్వద్దన్నారట. జీవరాజూ నేనూ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, సర్టిఫికెట్లు అక్రమంగా ఉంచుకున్నారని కంప్లయింట్ ఇచ్చాం. ఎస్.ఐ. ముందు నవ్వాడు. లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు అడిగాక నవ్వలేదు. సర్టిఫికెట్లు వచ్చాయి. పెద్దింట్లమ్మ చేత పంపారు. ఎం.ఏ. డిగ్రీ మధ్యకి మడిచి ఉంది, ఎవరో మీద కాఫీ కప్పు పెట్టినట్టు గుండ్రటి మరక ఉంది.

విచారణకి పిలిచారు. అంతా చెప్పాను. థీసిస్ రద్దు చేశారు. రాసిచ్చినందుకు నన్ను మందలిస్తూ ఒక కాగితం పంపారు. మణిశంకర్ గారు ఇంకా వైస్ ప్రిన్సిపలే. ఫ్లెక్సీ మాత్రం దింపేశారట.

మీ
దేవకుమారి


ధవళేశ్వరం,
జనవరి 10

చిరంజీవి దేవకుమారికి,

మందలింపు కాగితం సంగతి చదివి పళ్ళు కొరుక్కున్నాను. వాళ్ళకి నేనొక ఉత్తరం రాశాను. అందులో ఏం రాశానో నీకు చెప్పను, చెబితే నన్ను పెద్దమనిషిగా చూడవు.

రిటైరయ్యాను కాబట్టి నేను గైడుగా ఉండలేను. ఉమాశ్రీ ఇప్పుడు వేరే యూనివర్సిటీలో గైడు. వెళ్ళి కలువు. నీకు నచ్చదని తెలుసు. అయినా వెళ్ళు. నీ అధ్యాయాలు తీసుకెళ్ళు. అవి నీవి. నీ పేరుతో రావాలి.

హైమవతి


రాజమండ్రి,
మార్చి 2

హైమవతి మేడమ్ గారికి,

నమస్కారాలు. ఇక్కడ ఒక మహిళా డిగ్రీ కాలేజీలో గంటకింతని గెస్ట్ లెక్చరరుగా చేరాను. బి.ఏ. పిల్లలకి నవల చెబుతున్నాను. ఇన్నేళ్ళ తర్వాత నవల. మొదటి రోజు తరగతిలోకి వెళ్ళి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పవలసిన పని లేదని గుర్తొచ్చి నేరుగా పుస్తకం తెరిచాను.

ఉమాశ్రీ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు ఆమెని ద్వేషిస్తూనే వెళ్ళాను. ఆమె మర్యాద చెయ్యలేదు, టీ తెప్పించలేదు. "అధ్యాయాలు తెచ్చారా?" అంది. నాకు అక్కడే నచ్చింది.

ఇప్పుడు ఏం రాసినా ముందు సాఫ్ట్‌వేర్‌లో వేసి చూడాలి కదా, ఎక్కడైనా కాపీ కొట్టామేమోనని. నా మూడో అధ్యాయం అందులో వేసింది. తెరంతా ఎర్రబడింది. దాదాపు ప్రతి వాక్యమూ కాపీయే. మూలం, మణిశంకర్. థీసిస్ రద్దయినా ఆ ప్రతి కంప్యూటర్‌లో ఉండిపోయింది. నా వాక్యాలు నేను రాస్తే దొంగతనం. వాటికి యజమాని ఆయన.

ఉమాశ్రీ కళ్ళు తుడుచుకుంది. నాకు ఏడుపు రాలేదు. ఆ యంత్రాన్ని కిటికీలోంచి బయటికి విసిరెయ్యాలనిపించింది. యూనివర్సిటీకి ఫిర్యాదు చేద్దాం, ఆ ప్రతి తీయించేద్దాం, ఏడాది పట్టినా పడుతుంది అంది. వద్దన్నాను. నా జీవితంలో ఇంకో ఏడాది ఆయన పేరుతో కాగితాలు తిప్పను.

బస్సెక్కి వస్తూ దారి పొడుగునా తిట్టుకున్నాను. ఆయన్ని, యూనివర్సిటీని, మిమ్మల్ని, నన్ను. కొవ్వూరు దాటి గోదావరి బ్రిడ్జి మీదికి వచ్చేసరికి తిట్లు అయిపోయాయి. ఆలోచన మొదలైంది. పనిమనుషుల మాట గురించి అంతా రాశాను. ఆ నవలల్లో యజమానుల మాట గురించి ఎవరూ రాయలేదు. వాళ్ళు పని చెప్పేటప్పుడు ఎంత మెత్తగా అడుగుతారో, అది అడగడంలా ఎలా వినబడుతుందో, కాదనడానికి అందులో చోటు ఎక్కడా ఎలా ఉండదో. మర్యాదని ఏ వ్యాకరణంతో కట్టారో.

ఉమాశ్రీకి ఫోను చేసి కొత్త విషయం ఇదని చెప్పాను.  "ఉదాహరణలు చాలా కావాలి" అంది. ఉన్నాయన్నాను.

రిజిస్టరయ్యాను. మొదటి అధ్యాయం ఇందులో పెడుతున్నాను. ప్రతి వాక్యమూ కొత్తది, యంత్రం ఒక్క ఎర్ర గీత కూడా గీయలేదు. పైన నా పేరు నేనే టైపు చేశాను. ఎర్ర గీతలు మీరు గీయండి. తప్పున్నచోట తప్పనండి. నా ఇంగ్లీషు బాగుందని మాత్రం రాయకండి.

దేవకుమారి